తాడు పట్టినవారు: మన సీమ గవుల చరిత్ర



మన కర్నూలు, కడప సీమలు ఎండకు పేరుపడినవి. వానకొఱకు ఆకాశమువైపు చూచుట మనకు పుట్టుకతోనే వచ్చిన అలవాటు. ఐనను మన పూర్వులు ఆకాశమువైపు చూచినంతగా భూమిలోనికిని చూచినారు. నీటికొఱకు బావులు త్రవ్వినారు. వజ్రములకొఱకు గోతులు తీసినారు. తపస్సునకు గవులలో కూర్చుండినారు. ఈ దినమున నేను మీతో ముచ్చటింపదలచినది ఆ క్రిందిచూపును గూర్చియే. పడుచుతనమున తాడు నడుమునకు కట్టుకొని ఇట్టి గవులలోనికి దిగిన అనుభవము నాకు కొంత కలదు. దానిని ఆ గవుల చరిత్రతో కలిపి చెప్పెదను. ఒక్క సంగతి మాత్రము మొదటనే మనవి చేయుచున్నాను. లోనికి దిగినవాని కథను లోకము చెవియొగ్గి వినును. పైన నిలిచి తాడు పట్టినవానిని గూర్చి అడుగువారు అరుదు. మన గవుల చరిత్రలో సగము ఈ రెండవవానిదే యని నా నమ్మకము.

ముందుగా మాటను విచారింతము. సంస్కృతమున బిలమనగా రంధ్రము, గుహ. కొలిమిగుండ్ల దగ్గరి బెలుము గ్రామమునకు ఆ పేరు బిలశబ్దమునుండియే వచ్చినదని చెప్పుదురు. అహోబిలమున ఆ శబ్దము స్పష్టముగనే వినబడుచున్నది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గమునందును అదియే దాగియున్నదని నాకు తోచుచున్నది. కాని మన గొఱ్ఱెలకాపరి బిలమనడు, గుహ యనడు, గవి యనును. యాగంటిలో అగస్త్యుని పేర వెలసిన గవి కలదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి గోవులను కాచుచు, రవ్వలకొండ గవిలో కూర్చుండి కాలజ్ఞానము వ్రాసెనని మన సీమలో ప్రసిద్ధి. ఆ మహనీయుడు పిదప కడప సీమలోని కందిమల్లాయపల్లె చేరి, అచ్చటనే సమాధి పొందినాడు. కావున గవి యనగా మనకు భయపడవలసిన చీకటిచోటు మాత్రమే కాదు. మాటలు పుట్టిన చోటు కూడ.

ఇన్ని గవులు మన సీమయందే ఏల కలిగినవి? దానికి కారణము మన యింటి నేలకు పఱచుకొను నాపరాయియే. కడపబండ యని దూరదేశములవారు కొనిపోవు రాయియు ఆ కుటుంబములోనిదే. కోట్లకొలది సంవత్సరముల క్రిందట, చేపయైనను పుట్టని కాలమున, ఇచ్చట సముద్రముండెను. ఆ సముద్రపుటడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడినదే ఈ సున్నపురాయి. వాననీరు గాలిలోనుండియు, మట్టిలోనుండియు బొగ్గుపులుసు వాయువును కొంచెము కలుపుకొనును. అంతమాత్రముచేత ఆ నీటికి కొలదిపాటి పులుపు వచ్చును. ఆ పులిసిన నీరు బండల పగుళ్ళలోనికి ఇంకుచు, రాతిని వెండ్రుకవాసి చొప్పున కరిగించును. పగులు సందగును, సందు దారియగును, దారి మండపమగును. కరిగిన సున్నము మరల బొట్టుబొట్టుగా కప్పునుండి జాఱుచు, గట్టిపడి, పైనుండి ఊడలుగను, క్రిందినుండి లింగములుగను పెరుగును. బెలుము గవిలో కోటిలింగములు, ఊడలమఱ్ఱి, వేయిపడగలు అని చూపునవి ఇట్లు ఏర్పడినవే. పైన దప్పికగొన్న నేలకు క్రింద ఇంత పని నీరే చేసినదన్న సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

భూమిలోనికి దిగుట మనవారికి క్రొత్త విద్య కాదు. నా చిన్ననాట మా ప్రాంతమున కపిలబావి లేని తోట అరుదు. ఎద్దులు ఏటవాలు బాటలో ముందునకును వెనుకకును నడచుచుండగా, కపిలబాన నీటితో పైకి వచ్చెడిది. చేద జాఱిపడినచో పాతాళగరిగెతో వెదకి తీసెడివారు. వేసవిలో పూడిక తీయుటకు మనుష్యులే మోకు పట్టుకొని దిగెడివారు. ఆ పనివారికి మూడు నియమములుండెను. మొదటిది, మనిషికంటె ముందు దీపము దిగవలెను. దీపము కొండెక్కిన చోట మనుష్యుని ఊపిరియు నిలువదు. రెండవది, మోకును దిగువాడు ఒకసారి, పట్టువాడు ఒకసారి, మూరమూరకు తడవి చూడవలెను. మూడవది, గట్టున నిలిచినవాడు దిగినవాడు పైకి వచ్చువఱకు కదలరాదు. దాహమైనను సరే, ఎండయైనను సరే. ఈ మూడును ఏ పుస్తకమునుండి నేర్చినవి కావు. బావిలో ప్రాణములు పోగొట్టుకొన్న ఇండ్లవారు కన్నీటితో నేర్చినవి.

నల్లమల చెంచులకు ఇంతకంటె కఠినమైన దిగుడు తెలియును. కొండచఱియలకు వ్రేలాడు తేనెపట్టులకొఱకు వారు నారత్రాళ్ళు పేని, వానిపై చఱియనుండి దిగుదురు. క్రింద లోయ, ఎదుట ముసరుకొను ఈగలు, చేత పొగకట్ట. అట్టి సమయమున తాడు కాపునకు తోడబుట్టినవానిని గాక బావమఱదిని నిలుపుకొందురని పెద్దలు చెప్పుదురు. అక్కయో చెల్లెలో పసుపుకుంకుమలతో నుండవలెనని బావమఱది తన ప్రాణము పోయినను తాడు విడువడట. వినుటకు చమత్కారముగా నున్నను, ఇందు గొప్ప లోకజ్ఞత కలదు. తాడు బలము నారలో సగము, పట్టినవాని మనస్సులో సగము.

మన పురాణేతిహాసములును ఈ సంగతినే వేఱువిధముగా చెప్పుచున్నవి. కిష్కింధాకాండములో వాలి మాయావి యను రాక్షసుని తరుముచు బిలములోనికి చొచ్చెను. సుగ్రీవుడు ద్వారమున నిలిచెను. ఒక సంవత్సరము గడచినపిమ్మట లోపలినుండి నురుగుతో నెత్తురు వెలువడగా, అన్న మరణించెనని తలచి, సుగ్రీవుడు ద్వారమునకు బండను అడ్డముపెట్టి మరలిపోయెను. రామాయణమందలి ఆ వైరమునకెల్ల ఆ బిలద్వారమే మూలము. భాగవతములో శ్రీకృష్ణుడు శ్యమంతకమణికై జాంబవంతుని గుహలో ప్రవేశించెను. వెంట వచ్చిన ప్రజలు పండ్రెండు దినములు వాకిట వేచి, దుఃఖముతో ఇండ్లకు పోయిరి. లోపల యుద్ధము ఇరువదియెనిమిది దినములు సాగెను. ఇందులకు భిన్నముగా, సీతాన్వేషణమునకు వెడలిన వానరులు ఋక్షబిలములోని కటికచీకటిలో ఒకరినొకరు పట్టుకొని నడచి, స్వయంప్రభను దర్శించి, క్షేమముగా వెలుపలికి వచ్చిరి. బిలము కథ ఎక్కడ చెప్పినను, ద్వారమున నిలిచినవాడు ఎట్టివాడన్న ప్రశ్న తప్పక వచ్చుచున్నది.

ఇక నా అనుభవమునకు వత్తును. 1980వ సంవత్సరపు వేసవి. నేను ప్రాచ్యకళాశాలలో చదువు ముగించి, ఉద్యోగము రాక, ఇంటియొద్ద ఉంటిని. అప్పటి బెలుము గవికి మెట్లు లేవు, దీపములు లేవు. చదునైన చేనిలో నూతులవంటి మూడు రంధ్రములు; అందు చెత్తయు, ముండ్లకంపయు. చుట్టుప్రక్కలవారికి అది గవియని తెలిసినను, లోపల ఎంత దూరము కలదో చెప్పగలవారు లేరు. నేనును నా మిత్రుడొకడును ముందు అచ్చట కొంతవఱకు దిగి చూచితిమి. పిమ్మట మాకు ధైర్యము కలిగి, బేతంచెర్ల కొండలలోని మఱియొక గవిని చూడవలెనని సంకల్పించుకొంటిమి. ఆ గవి పేరు ఆ ఊరివారికి తెలియును, నేనిచ్చట చెప్పను. అది నేటికిని మెట్లులేని గవి. ఈ మాటలు మీ మనుమలును వినుచుందురు.

మాకు దారి చూపినవాడు గొఱ్ఱెలు మేపు కుఱ్ఱవాడొకడు. మోకు పట్టుటకు ఒప్పుకొన్నవాడు అరువదియేండ్లు దాటిన బావిపనివాడు. ఆయనను మేము తాతా యని పిలిచెడివారము. ఆయనకు తోడుగా ఇద్దరు బలశాలురు. మోకు కిత్తనారతో పేనినది, కపిలకు వాడినది. తాత దానిని నీటిలో నానవేసి, చింతమానుకు కట్టి, ముగ్గురిచేత గుంజించి చూచెను. గవి వాయి దగ్గర రాతి అంచు పదునుగా నుండెను. ఆ అంచుపై గోనెపట్టలు మడచి వేసెను. నడుమునకు ఒక ముడి, తొడలక్రింద కూర్చుండుటకు పంచెతో చుట్టిన మఱియొక ఉచ్చు. ఒకసారి గుంజినచో ఆపవలెను, రెండుసార్లు గుంజినచో వదలవలెను, మూడుసార్లు గుంజినచో పైకి లాగవలెనని సంకేతములు. “సామీ, మోకు నా చేతిలో ఉండాది. మనసు మీ చేతిలో ఉండాది. దీపం సన్నబడితే మాటాడకుండా తిరిగి రాండి” అని ఆయన చెప్పిన మాట ఇప్పటికిని నా చెవిలో నున్నది.

మొదట లాంతరు దిగెను. అడుగు తగిలినపిమ్మట కొంతసేపు వేచి, మంట నిలుకడగా నున్నదని చూచి, నేను దిగితిని. సుమారు పదునైదు మూరల లోతు. పైన వైశాఖపుటెండ, సగము దూరము దిగునప్పటికి చల్లదనము, అడుగు చేరునప్పటికి మరల ఉక్క. గాలి కదలని చోట చెమట ఆఱదు. గబ్బిలముల వాసన ముక్కుపుటములను కోయుచుండెను. పైకి చూచితిని. ఆకాశము పళ్ళెమంత కనబడెను. ఆ పళ్ళెపుటంచున తాత తల. అడుగున ఎఱ్ఱమట్టి. దానియందు పొయ్యిలో కాలిన కట్టెవలె నల్లబడిన ఎముకముక్క యొకటి నాకు కనబడెను. ఏమి దొరికినదని పైనుండి ప్రశ్న వచ్చెను; చెప్పితిని. “గవిలోది గవిలోనే ఉండనీ సామీ, దాని తావు అదే” అని ఆయన కేక వేసెను. అట్లే విడిచితిని.

మేమిద్దరము ఒక సందులో కొంతదూరము ప్రాకితిమి. ముందు పోవు మిత్రుని చేతి లాంతరులో మంట చిక్కి నీలిరంగునకు దిగుటచూచి, వెంటనే వెనుదిరిగితిమి. ముందుగా నేను పైకి చేరితిని. మిత్రుని లాగునప్పుడు, అతడు సగము ఎత్తునకు వచ్చియుండగా, తాత హఠాత్తుగా ఆపుడని చేయెత్తెను. మాకు ఏమియు కనబడలేదు. ఆయన మాత్రము మిత్రుని రాతిమెట్టుపై కాలు ఆనించి నిలువుమని కేకవేసి, రెండవ మోకును వదలించి, దానిని కట్టుకొనుమని చెప్పెను. ఆ మోకుతో అతడు క్షేమముగా పైకి వచ్చెను. పిదప మొదటి మోకును తీసిచూడగా, గోనెపట్ట జరిగినచోట రాతియంచు ఒరసి, మూడు పేటలలో ఒకటి తెగియుండెను. నీకెట్లు తెలిసెను తాతా యని నేనడిగితిని. “చెయ్యి చెప్పింది సామీ” అని మాత్రము పలికి, ఆయన మోకును చుట్టుకొనసాగెను. నా మిత్రుడు నేడు మనుమలతో సుఖముగా నున్నాడు. అది ఆ చేతి చలువ.

ఈ గవులను గూర్చి లోకమునకు తెలిసిన విధమును ఇప్పుడు చెప్పెదను. కాప్టెన్ న్యూబోల్డ్ అను మద్రాసు సైన్యోద్యోగి 1844వ సంవత్సరమున బిల్లసర్గపు గవులలో ఎముకలున్నవని బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసెను. బిల్లసర్గమనునది కొండలో పైకప్పు కూలిపోగా ఏర్పడిన ఇరుకు లోయ. దాని గోడలలో గవులు. న్యూబోల్డ్ వ్రాత నలువదియేండ్లు మఱుగున పడియుండెను. అప్పుడు ఇంగ్లండులో ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడైన హక్స్లీ ఆ సంగతిని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌నకు జ్ఞాపకము చేసెను. దానిపై భూగర్భశాస్త్రశాఖలో నున్న రాబర్ట్ బ్రూస్ ఫుటు ఇచ్చటికి పంపబడెను. ఈ ఫుటు సామాన్యుడు కాడు. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరమున ఆదిమానవుని రాతిపనిముట్టును గుర్తించి, మన దేశపు పూర్వచరిత్రకు తలుపు తెఱచినవాడు. ఆయన 1884లో బిల్లసర్గమును పరిశీలించెను. బెలుము గవిని లోకమునకు తెలిపినవాడును ఆయనయే. పిమ్మట ఆయన కుమారుడు, సైనికోద్యోగియైన హెన్రీ ఫుటు, బిల్లసర్గమున త్రవ్వకములను 1885వఱకు సాగించెను.

త్రవ్విన మట్టిలో రాశులకొలది ఎముకలు దొరకెను. వానిని లైడెక్కరు అను పండితుడు పరీక్షించి 1886లో గ్రంథము వెలువరించెను. అందు ఖడ్గమృగపుటెముకలు కలవు. దుమ్ములగొండి ఎముకలు కలవు. కోతిజాతులు, అడవిగాడిద, ముండ్లపంది మొదలైనవియు కలవు. నేడు కంపచెట్టు నీడకై వెదకికొను మన సీమలో ఒకప్పుడు ఖడ్గమృగము తిరిగినదన్న మాట! జంతువుల ఎముకలే గాక, మనుష్యులు చెక్కిన ఎముకపనిముట్లును దొరకినవని ఫుటు వ్రాసెను. అవి నిజముగా మనుష్యుని చేతిపనియేనా యను సందేహము చాలకాలము నిలిచెను.

ఆ సందేహమునకు సమాధానము తొంబదియేండ్లకు వచ్చెను. ఆచార్య ఎం.ఎల్.కె. మూర్తిగారు బేతంచెర్ల దగ్గరి వేఱొక గవిని శాస్త్రీయముగా త్రవ్వి, 1974లో తమ ఫలితములను ప్రకటించిరి. రాతిపనిముట్లతో కలిసి ఎముకపనిముట్లును ఆ గవిలో దొరకినవి. నిప్పు రాజేసిన పొయ్యియు బయల్పడినది. ఆ పొయ్యిలో కాలిన మట్టిని పరీక్షింపగా, సుమారు 17,000 సంవత్సరముల నాటిదని తేలినది. పండ్రెండు పదుమూడు వేల ఏండ్ల పిదప గాని ఈజిప్టు పిరమిడ్లు పుట్టలేదు. బిల్లసర్గపు మట్టిని మరల పరిశోధించిన విద్వాంసులు 2014లో వేఱొక సంగతి తెలిపిరి. అందు గుర్తించిన 21 జంతుజాతులలో 20 జాతులు, సుమారు రెండులక్షల ఏండ్ల కఱవుకాటకములను, వాతావరణపు మార్పులను తట్టుకొని, నేటివఱకు నిలిచినవట. కఱవును ఓర్చుకొనుట మన సీమలో మనుష్యులకేగాక మృగములకును పాతవిద్యయే.

ఈ తావున పేర్లను గూర్చి ఒక మాట. ఫుటు బిల్లసర్గపు గవులకు తన దేశపు పేర్లు పెట్టెను. ఒకదానికి పెద్దచర్చి యని, ఒకదానికి ఎముకలకొట్టు యని అర్థమిచ్చు ఇంగ్లీషు పేర్లు. అవి పుస్తకములలో నిలిచినవి. మూర్తిగారు త్రవ్విన గవి మాత్రము పండితుల గ్రంథములలో “ముచ్చట్ల చింతమాను గవి” యనియే పిలువబడుచున్నది. ముచ్చట్ల చోటిపేరు, చింతమాను గుఱుతు, గవి మన కాపరి మాట. చదువురాని మనవారు పెట్టుకొన్న పేరును దేశాంతర విద్వాంసులు నేడు నోరు తిరుగకపోయినను శ్రద్ధతో పలుకుచున్నారు. ఆ పేరు చెప్పి దారిచూపినవాడు లేనిచో ఆ గౌరవము మన భాషకు దక్కునా?

బెలుము గవి కొలత మఱియొక కథ. 1982, 1983 సంవత్సరములలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మనీ దేశపు గుహాన్వేషకులు వచ్చి, స్థానికుల తోడ్పాటుతో ఆ గవిని శోధించిరి. గుహను కొలచుట పొలమును కొలచుటవంటిది కాదు. ఒక మలుపునుండి మఱియొక మలుపునకు టేపు పట్టి, దిక్సూచితో దిక్కు చూచి, ఎగుడుదిగుడు లెక్కగట్టి, బురదచేతులతోనే కాగితముపై గుఱుతించుకొనుచు ప్రాకవలెను. అట్లు ప్రాకిన ఫలముగా, చేనిక్రింద 3,229 మీటర్ల పొడవున గవి విస్తరించియున్నదని తేలినది. అనగా రెండు మైళ్ళు! దానిలో మిక్కిలి లోతైన చోటు పాతాళగంగ. నేలమట్టమునకు 150 అడుగుల క్రింద. అచ్చట నీరు ప్రవహించుచు రాతిలోనికి అంతర్ధానమగును. బౌద్ధభిక్షువులు ధ్యానము చేసికొన్నదని చెప్పు మందిరమును ఆ గవియందే కలదు.

1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ ఆ గవిని స్వీకరించి, చెత్తను తీయించి, బాటలు, మెట్లు, విద్యుద్దీపములు ఏర్పఱచినది. లోపలికి గాలి పోవుటకును ఏర్పాట్లు చేసినది. 2002లో ప్రజలకు ప్రవేశము కల్పించిరి. నేడు సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరము పిల్లలు, వృద్ధులు సైతము నడచి చూడవచ్చును. 2022లో జిల్లాలను విభజించినపిమ్మట బెలుము, బేతంచెర్ల, యాగంటి అన్నియు నంద్యాల జిల్లాలో చేరినవి. మెట్లు వచ్చుటచేత సాహసము పోయినదని కొందఱు పడుచువారు చింతింతురు. నేను చింతింపను. నా భార్య మోకాళ్ళనొప్పితోనే పోయి కోటిలింగములను చూచి వచ్చినది. కొందఱు మాత్రమే చూచిన వింతను అందఱును చూచుట మేలే కదా.

నన్ను కలతపెట్టునది వేఱు. బెలుము గవికి కాపలా కలదు. మన కొండలలో పేరుమాత్రముగల చిన్నగవులకు లేదు. నాపరాయి గనులు వేలకుటుంబములకు కూడుపెట్టుచున్నవి. వానిని వలదనుట నా ఉద్దేశ్యము కాదు. కాని బండ తీయుచు తీయుచు గవినే తీసివేసినచో, దానిని మరల కట్టగలవారు లేరు. అంతకంటె హాని నిధులవేటగాండ్రది. గవిలో లంకెబిందెలున్నవని ఎవడో చెప్పగా, రాత్రివేళ గడ్డపారలతో పోయి నేలను తిరుగవేయుదురు. దొరకునది గబ్బిలపు పెంట. పోవునది మాత్రము వేల ఏండ్ల చరిత్ర. ఆ నాడు తాత ఎముకను కదల్పవలదని ఏ కారణముచేత చెప్పెనో గాని, శాస్త్రజ్ఞులును ఆ మాటయే చెప్పుదురు. ఏ వస్తువు ఏ పొరలో, దేని ప్రక్కన నున్నదో, దానినిబట్టియే దాని వయస్సు తెలియును. మట్టి పొరలు తాటాకులవంటివి. వరుస తప్పిన తాటాకుల కట్టను ఏ పండితుడు చదువగలడు?

కావున గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. మీ ఊరి కొండలో గవి కలదా? దానిపేరేమి? ఆ పేరు ఏల వచ్చినది? వానకాలమున అందు నీరు లేచునా? ఈ సంగతులు మీ తరముతో పోనీయక, మీ ఊరి బడిపంతులచేత వ్రాయించి ఉంచుడు. అందు మీరెఱిగిన తాడుపట్టినవారి పేర్లను, దివిటీ పట్టినవారి పేర్లను కూడ చేర్చుడు. 1884లో దొరగారికి బిల్లసర్గమునకు దారిచూపినవాడు మన సీమవాడే యైయుండును. వాని పేరు నేడు మన ఊళ్ళలో ఎవరికి తెలియును? గవి నేలను ఎవరును త్రవ్వకుండ చూడుడు. త్రవ్వువారు కనబడినచో అధికారులకు తెలుపుడు. పిల్లలు కుతూహలముతో పోవుదురు, కోపింపవలదు. పెద్దవారు తోడు లేనిదే, దీపము ముందు దిగనిదే, కాపు నిలువనిదే వాయి దాటరాదని మాత్రము గట్టిగా చెప్పుడు.

ఆ బావిపనివాడు గతించి చాలకాలమైనది. ఆయన పట్టిన మోకులకు లెక్కలేదు; ఆయన చేతిమీదుగా దిగినవారిలో పైకి రానివాడు లేడని ఆ ఊరివారు ఇప్పటికిని చెప్పుకొందురు. ఆయనకు శిలాశాసనము లేదు, పుస్తకములో ప్రకరణము లేదు. మీరు మీ ఊరి గవిని గూర్చి వ్రాయించునప్పుడు అట్టివారికి ఒక పంక్తి విడువుడని వేడుకొనుచు, సెలవు తీసికొనుచున్నాను.